హిందూపురంలో ఆగిపోయిన రోడ్‌కింగ్‌ని బెంగళూరు తెచ్చుకోవచ్చా?

హిందూపురం కుర్రోడు:
అందరికీ నమస్తే. మా నాయనది 1992 ఎజ్డీ రోడ్‌కింగ్, ఏపీ 02 నంబరు బైకు. మోకాళ్ళ నొప్పులొచ్చాక కిక్కు కొట్టలేక ఆయన పక్కన పెట్టేశారు, అప్పటినుంచీ ఊళ్ళో రేకుల షెడ్డులోనే ఉంది. పోయిన పండక్కి దుమ్ము తుడిచి చూస్తే పెయింటు చాలావరకు బాగానే ఉంది, సైలెన్సర్లు రెండూ ఉన్నాయి, ట్యాంకులో మాత్రం తుప్పు కనిపించింది. ఇంజను పట్టెయ్యలేదు, కిక్కు కిందికి దిగుతోంది. నేనుండేది మారతహళ్ళి, ఆఫీసు బెళ్ళందూరు, రోజూ దీని మీదే వెళ్ళాలని ఆశ. అమ్మ పాత ఇనుముకు వేసెయ్యమంటోంది. ఒక మెకానిక్ మొత్తం విప్పి కొత్త రంగు కొట్టిస్తానంటున్నాడు. ఎక్కడ మొదలుపెట్టాలి? కాగితాల సంగతేంటి? ఈ20 (20 శాతం ఇథనాల్ కలిపిన) పెట్రోలు పోయొచ్చా?

రెండు సైలెన్సర్లు:
తమ్ముడూ, ముందు కిక్కు కొట్టడం ఆపు. ఏళ్ళుగా నిలబడిన టూ స్ట్రోక్ ఇంజన్లో లోపలి గోడలు ఎండిపోయి ఉంటాయి. ప్లగ్గు విప్పి ఆ రంధ్రంలో కాస్త టూటీ ఆయిల్ (పెట్రోల్లో కలిపే ఆయిల్) పోసి ఒక రాత్రి వదిలెయ్, తర్వాత గేర్లో పెట్టి వెనక చక్రాన్ని చేత్తో మెల్లగా తిప్పు.

ఇంజను తిరుగుతోంది కదా అని నడిపేయకు. క్రాంకుకు (పిస్టన్‌తో తిరిగే ఇరుసు) రెండు వైపులా ఆయిల్ సీళ్ళుంటాయి, బండి ఊరికే ఉంటే రబ్బరు గట్టిపడి అవి పోతాయి. డైనమో వైపు సీలు పోతే బయటి గాలి లోపలికి లాక్కుంటుంది, గాలిలో కలిసే పెట్రోలు తగ్గి, రేసింగు దానంతటదే పెరిగి, ఇంజను వేడెక్కి చివరికి పిస్టన్ పట్టేస్తుంది. క్లచ్చు వైపుది పోతే గేర్ ఆయిల్ లాక్కుని కాల్చేస్తుంది, తెల్లపొగ ఎంతకీ ఆగదు. చాలామంది కార్బురేటర్ మార్చి, ప్లగ్గు మార్చి, పాయింట్లు (ప్లగ్గుకు కరెంటు అందించే స్విచ్చు) మార్చి డబ్బు తగలేస్తారు, తప్పంతా ఆ సీళ్ళదే. కాబట్టి ముందు సీళ్ళు, బేరింగులు, ట్యాంకు తుప్పు, పెట్రోలు పైపు, టైర్లు, బ్రేకు లైనర్లు. రంగు అసలు ఈ లిస్టులోనే లేదు. ఎజ్డీలు తయారైన మైసూరు ఫ్యాక్టరీలో వేసిన రంగు ఇంకా ఉన్న బండ్లు రోజురోజుకూ తగ్గిపోతున్నాయి, 1996లో ఫ్యాక్టరీ మూతపడింది, ఆ రంగు మళ్ళీ రాదు. గీతలున్నా సరే ఉంచుకో. ఆ మెకానిక్ విప్పినా పాత పార్టులన్నీ, చివరికి నట్టు బోల్టులు కూడా, సంచిలో వేసి తిరిగి ఇమ్మను.

ఇక నడపడం. కిక్కర్, గేరు రాడ్డు ఒకటే అని నీకు తెలిసే ఉంటుంది, లోపలికి నొక్కి వెనక్కి తిప్పితే కిక్కు, స్టార్టయ్యాక ముందుకు మడిస్తే గేరు. ఆ రాడ్డు కదిలిస్తే క్లచ్చు దానంతటదే విడిపోతుంది, అందుకే దారిలో క్లచ్ వైరు తెగినా ఓపిగ్గా ఇల్లు చేరొచ్చు. ఇప్పటి బండ్లలో అది చూపించమను!

నంది కొండకు తీసుకెళ్తే మాత్రం ఒకటి గుర్తుపెట్టుకో. ఈ ఇంజనుకు ఆయిల్ వెళ్ళేది పెట్రోలుతో కలిసే. దిగేటప్పుడు గేర్లో ఉంచి యాక్సిలరేటర్ పూర్తిగా మూసేస్తే ఇంజను జోరుగా తిరుగుతుంటుంది గానీ ఆయిల్ అందదు. మధ్యమధ్యలో కాస్త తిప్పుతూ ఉండాలి.

రోజూ ఆఫీసుకంటే నేను వద్దనే అంటా. ఆ రింగు రోడ్డు ట్రాఫిక్‌లో గంటసేపు ఐడ్లింగులో ఉంటే ప్లగ్గు నల్లబడి తడిసిపోతుంది, సైలెన్సర్లలో మసి పేరుకుంటుంది. ఆదివారం పొద్దున దేవనహళ్ళి వైపు తీసుకెళ్ళు, అప్పుడు తెలుస్తుంది దాని గొంతేంటో.

బనశంకరి బండి:
రోజూ వద్దనేదానికి నేను ఒప్పుకోను అన్నా. నేను పీణ్యా దాకా ఎజ్డీ మీదే వెళ్తాను. పాయింట్లు తీసేసి సీడీఐ (ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్) పెట్టించాను, 6 వోల్టుల లైట్లు 12కి మార్పించాను, ఇక రోజూ నడపడానికేం ఇబ్బంది లేదు. పాత పార్టులు డబ్బాలో భద్రంగా ఉన్నాయి, ఎప్పుడైనా తిరిగి బిగించుకోవచ్చు. ఆ మసకలైటుతో మన రోడ్లలో రాత్రిపూట గుంతలు కనపడవు, అది నిజంగా ప్రమాదం. డ్రమ్ము బ్రేకులు కాబట్టి ముందు బండికి దూరం మాత్రం ఎక్కువే వదలాలి. స్పేర్లకు జేసీ రోడ్డులో తిరుగు, దొరకనివాటికి మైసూరు వెళ్ళు.

ఫారం నంబర్లు:
కాగితాలు నేను చెప్తాను. 15 ఏళ్ళు దాటింది కాబట్టి ఆర్‌సీ రెన్యువల్ అయిందో లేదో చూడండి, కాకపోతే ఫారం 25, ఇది హిందూపురంలోనే పూర్తి చెయ్యండి. రెన్యువల్ అయితే అయిదేళ్ళకు ఇస్తారు. ఆర్టీవో ఇంజను నంబరు, ఛాసిస్ నంబరు పోల్చి చూస్తారు, అందుకే రంగు కొట్టేవాళ్ళు ఆ అంకెల మీద పుట్టీ పూయకుండా చూసుకోండి. కర్ణాటకలో 12 నెలలకు మించి ఉంచితే అక్కడి ఆర్టీవో నుంచి ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం) తెచ్చి, ఇక్కడ ట్యాక్సు కట్టి, కేఏ నంబరు తీసుకోవాలి. ఏపీ 02 పోతుంది. మీ నాయనగారి నంబరు ఉండాలంటే బండి హిందూపురంలోనే ఉంచి వారాంతాల్లో అక్కడే నడుపుకోవడం మేలు, దూరం వంద కిలోమీటర్లే కదా. ఎవరైనా వింటేజ్ రిజిస్ట్రేషన్ చేయించమంటే వినకండి. 2021లో వచ్చిన ఆ రూలు 50 ఏళ్ళు దాటిన బండ్లకు, ఫీజే 20 వేలు, పైగా ఆ నంబరుతో రోజువారీ తిరగడానికి లేదు.

పెరంబూరు బుల్లెట్:
ఈ20 గురించి. నాది చెన్నైలో కాస్ట్ ఐరన్ బుల్లెట్, కుడికాలి గేరు బండి. ఇథనాల్ గాలిలోని తేమను పీలుస్తుంది, మా సముద్రపు గాలికి ఇంకా ఎక్కువ. ఆ నీరు ట్యాంకు అడుగున చేరి తుప్పు పట్టిస్తుంది, పాత రబ్బరు పైపులు మెత్తబడి చిట్లుతాయి. నేను చేసేది ఇదే: ఇంటికి రాగానే పెట్రోలు కాక్ (ట్యాంకు కింది కుళాయి) మూసి, కార్బురేటర్ ఖాళీ అయి ఇంజను దానంతటదే ఆగేదాకా వదిలేస్తా. పెట్రోలు పోస్తే రెండు మూడు వారాల్లో వాడేస్తా. మీరు పైపు, వాషర్లు ఇథనాల్‌కు తట్టుకునేవి వేయించండి.

హిందూపురం కుర్రోడు:
అందరికీ చాలా థ్యాంక్స్. రంగు సంగతి మెకానిక్‌కు వద్దని చెప్పేశాను. నంబరు పోతుందని నాయనకు చెప్తే ఆయన ససేమిరా అన్నారు, కాబట్టి బండి అక్కడే ఉంటుంది. సీళ్ళు మార్చాక పెట్రోల్లో ఆయిల్ ఎంత కలపాలి?

రెండు సైలెన్సర్లు:
నేను లీటరుకు 40 మిల్లీలీటర్లు పోస్తా, కొందరు 30 చాలంటారు. నీది చాలాకాలం ఆగిన ఇంజను, మొదట్లో 40 కంటే తగ్గించకు. బంకులో ఉజ్జాయింపుగా పోయనివ్వకు, కొలగిన్నె దగ్గర పెట్టుకో. కొన్నాళ్ళు నడిపాక ప్లగ్గు విప్పి చూడు, టీ రంగులో ఉంటే సరిగ్గా ఉన్నట్టు, తెల్లగా ఉంటే వెంటనే ఆపి ఆ సీళ్ళు మళ్ళీ చూపించు.