కొండవాలు నేలలో తేమ ఎంత ఉంటే మంచిది?

నమస్కారం అండీ. పాడేరు వైపు కొండవాలులో మాకు కాఫీ తోట ఉంది. సిల్వర్ ఓక్ నీడ, వాటి మీదికి పాకించిన మిరియాల తీగలు, పైన అంతా అడవే. ఎర్ర గరప నేల. ఈ ఏడు పూతకు పడాల్సిన వాన పడలేదు. తేమ మీటరు గుచ్చితే అడవిలో రాలిన ఆకుల కింద 22 శాతం, పక్కనే ఉన్న మా తోటలో 13 చూపిస్తోంది. అడవి మట్టి పిడికిట్లో బిగిస్తే ముద్దవుతోంది, తోటది పొడిపొడిగా రాలిపోతోంది.

గరప నేల 25–30 శాతం దాకా తేమ పట్టి ఉంచుతుందనీ, 10–12కి దిగితే మొక్క వాడుతుందనీ చదివాను. వాలులో, రాళ్లున్న చోట కూడా అదే లెక్కా? మీటరు అర అడుగు లోతులో గుచ్చాలా, ఇంకా కిందికా? కాఫీ పీల్చే వేళ్లు పైపైనే ఉంటాయి కదా.

నీళ్లన్నీ ఓక్ చెట్లే లాగేస్తున్నాయని మా ఊళ్లో అంటున్నారు. నాకైతే రాలిన ఆకు ఊడ్చేయడం వల్లే అనిపిస్తోంది. వాలుకు అడ్డంగా కందకాలు తీసినవాళ్లు, పనస నీడ పెంచినవాళ్లు ఉంటే ఎండాకాలంలో మీ దగ్గర ఎంత చూపిస్తోందో చెప్పండి. వానల్లోపే కూలీలను మాట్లాడుకోవాలి, అదే టెన్షన్.