ఛాతీ నొప్పి అని వస్తే క్యాజువాల్టీలోనే గుండె సీటీ తీయాలా?

పెన్నా గట్టు (తాడిపత్రి):
మా బావకు 46 ఏళ్లు, షుగర్ ఉండేది. రాత్రి అన్నం తిన్నాక ఛాతీ పట్టేసినట్టుంది అంటే అనంతపురంలో ఒక ప్రైవేటు ఆసుపత్రికి తీసుకుపోయినాం. ఈసీజీ తీసి బాగుంది అన్నారు. గ్యాస్ అని సూది వేసి ఇంటికి పంపించేసినారు. తెల్లారేలోపు పోయినాడు. తర్వాత తెలిసిందేమంటే, రంగు మందు ఎక్కించి సీటీ తీస్తే గుండె రక్తనాళాల్లో అడ్డం ఉందో లేదో కనపడుతుందంట. సీటీ మిషను ఆ ఆసుపత్రి కింది అంతస్తులోనే ఉంది! ఛాతీ నొప్పి అని ఎవరొచ్చినా ముందు సీటీ తీయాలని ప్రభుత్వం రూలు పెట్టాలని నా వాదన. ఏమంటారు?

రాత్రి డ్యూటీ (కర్నూలు):
మీ బావగారి విషయం చదివి బాధేసింది. నేను క్యాజువాల్టీలో పనిచేసే డాక్టర్ని, కాబట్టి ఉన్నమాట చెప్తా. ఛాతీ నొప్పితో వచ్చిన మనిషికి 10 నిమిషాల్లో ఈసీజీ పడాలి. అందులోనే అటాక్ కనపడితే సీటీ దాకా పోవడమే తప్పు, గుండె కండరం చచ్చిపోతుంటే ఫొటోలకు టైమ్ ఎక్కడిది? ఇప్పుడు ఏరియా ఆసుపత్రుల్లో టెనెక్టెప్లేస్ సూది ఉచితంగానే వేస్తున్నారు. దాంతో రక్తనాళంలోని రక్తపు గడ్డ కరిగించి ఆ తర్వాత పెద్దాసుపత్రికి పంపుతారు.
ఈసీజీ మామూలుగా ఉంటే రక్తంలో ట్రోపోనిన్ చూడాలి, గుండె కండరం దెబ్బతింటే పెరిగేది అదే. నొప్పి మొదలైన కొత్తలో అది కూడా నార్మల్‌గానే రావచ్చు. అందుకే కొన్ని గంటలు ఆపి మళ్లీ చూస్తాం, ఈసీజీ కూడా మళ్లీ తీస్తాం. సీటీ సంగతి ఆ తర్వాత, అదీ ఎటూ తేలని వాళ్లకు. సీటీలో బొమ్మ చెదరకుండా రావాలంటే గుండె వేగం నిమిషానికి 60, 65కి దిగాలి, అందుకు మందు ఇవ్వాలి, ఆస్తమా ఉంటే ఆ మందుతో జాగ్రత్త. రంగు మందు ఎక్కించే ముందు షుగర్ వాళ్లకు క్రియాటినిన్ అనే కిడ్నీ పరీక్ష చూడాలి. పైగా అన్ని సీటీలూ గుండెకు పనికిరావు, కనీసం 64 స్లైస్, అంటే ఒక్క చుట్టులో 64 పొరల బొమ్మలు తీసేది ఉండాలి. కింది అంతస్తులో ఉన్నది 16 స్లైస్ అయితే తలకు, కడుపుకే.

పెన్నా గట్టు:
స్లైసుల లెక్క చెప్పి తప్పించుకుంటున్నారు. అది 64 కాదని మీకెట్లా తెలుసు?

రాత్రి డ్యూటీ:
తెలీదు. "అయితే" అన్నాను.

పెన్నా గట్టు:
ఆసుపత్రి బోర్డు మీద 128 అని రాసి ఉంది. రేపు పోయి ఫొటో తీసి పెడతా.

హంద్రీ ఒడ్డు (కర్నూలు):
ఫొటో పెట్టు అన్నా, కానీ నా కథ కూడా విను. మా నాయనకు 71. భుజం నొప్పి అని పోతే నువ్వడిగిన సీటీనే తీసినారు. 70 శాతం బ్లాక్ అన్నారు, మర్నాడు పొద్దున్నే స్టెంటు వేయాలన్నారు, సంతకం పెట్టండి అని కాగితం చేతికిచ్చినారు. మేం పెట్టలే. హైదరాబాద్ తీసుకుపోతే అక్కడి డాక్టరు చూసి, వయసు మీద సున్నం పేరుకుంటే సీటీలో బ్లాక్ ఉన్నదానికంటే పెద్దగా కనపడుతుంది, మందులు చాలు అన్నాడు. ఇప్పుడు దర్జాగా పొలానికి పోతాండు. రూలు పెడితే స్టెంటు వ్యాపారానికి గేటు తీసినట్టే.

తెల్ల వెల్లుల్లి:
రోజూ పరగడుపున ఒక రెబ్బ. ఏ మిషనూ అక్కర్లే.

హంద్రీ ఒడ్డు:
నువ్వు వేరే చర్చకు పో సామీ.

లెక్కల సారు (కడప):
అనుభవాలతో తేలదు గానీ, ఇది పరీక్షించి చూసిన విషయమే. 2012లో అమెరికాలో 9 ఆసుపత్రుల్లో 1000 మంది మీద రోమికాట్-2 అని ఒక అధ్యయనం చేశారు. ఎమర్జెన్సీలో వెంటనే సీటీ తీసిన వాళ్లు, మామూలు పద్ధతిలో చూసిన వాళ్లకంటే సగటున 7.6 గంటలు ముందు ఇంటికి పోయారు. ప్రాణాపాయం విషయంలో మాత్రం రెండు గుంపులకూ తేడా కనపడలేదు. సీటీ గుంపుకు ఆ తర్వాత పరీక్షలు ఎక్కువయ్యాయి, రేడియేషన్ ఎక్కువ పడింది. 2021లో బ్రిటన్‌లో ఇలాంటిదే ఇంకోటి, 37 ఆసుపత్రులు, 1748 మంది. వీళ్లు కొంచెం ప్రమాదం ఉన్నవాళ్లు. ఏడాది తర్వాత చూస్తే చావుల్లో, అటాకుల్లో తేడా లేదు. తొడలోంచో చేతిలోంచో గొట్టం వేసి చేసే యాంజియోగ్రామ్‌లు మాత్రం తగ్గాయి. అదే ఏడాది అమెరికా గుండె డాక్టర్ల సంఘాలు రాసిన మార్గదర్శకాల్లో, ప్రమాదం తక్కువ ఉన్నవాళ్లకు అప్పటికప్పుడు ఏ స్కానూ అక్కర్లేదు, మధ్యస్థంగా ఉన్నవాళ్లకు సీటీ తీయొచ్చు అని ఉంది. "ఎవరొచ్చినా" అని ఎక్కడా లేదు.

పెన్నా గట్టు:
సార్, మా బావ అమెరికాలో లేడు. మనోళ్లకు గుండెపోటు చిన్న వయసులోనే వస్తుందని మీకు తెలీదా?

లెక్కల సారు:
తెలుసు. మొదటి అటాక్ దక్షిణాసియా వాళ్లకు సగటున 53 ఏళ్లకు, మిగతా దేశాల వాళ్లకు 59కి దగ్గర్లో అని పెద్ద అధ్యయనమే ఉంది. దానివల్ల మీ బావగారిని మధ్యస్థం కిందికి లెక్కేయాలి అనొచ్చు. అందరికీ సీటీ అనడానికి అది సరిపోదు.

పెన్నా గట్టు:
నేను అందరి గురించి అడగలే. ఒక మనిషి గురించి అడుగుతున్నా.

హంద్రీ ఒడ్డు:
మొదట నువ్వే కదా "ఎవరొచ్చినా" అని రాసింది. పైకి పోయి చూడు.

రాత్రి డ్యూటీ:
ఒకటి అడుగుతా, కోపం తెచ్చుకోవద్దు. రెండో ట్రోపోనిన్ దాకా ఉండమన్నారా?

పెన్నా గట్టు:
రెండోది కాదు, మొదటిదే తీయలేదు. బెడ్ ఖాళీ లేదు, నొప్పి తగ్గింది కదా పొండి అన్నారు.

రాత్రి డ్యూటీ:
అయితే తప్పు అక్కడే జరిగింది, సీటీ లేకపోవడం వల్ల కాదు. షుగర్ ఉన్న మనిషిని ఒక్క ఈసీజీతో పంపడం ఏ పుస్తకంలోనూ లేదు. మీరు 128 స్లైసులు పట్టుకుని కూర్చున్నారు.

పెన్నా గట్టు:
మీరూ మీరూ ఒకటే. ఎవరి తప్పని అడిగితే ఏ పరీక్ష తప్పో చెప్తారు.

రాత్రి డ్యూటీ:
సరే, సూటిగా మాట్లాడుకుందాం. నొప్పి తీరు, ఈసీజీ, వయసు, షుగర్, బీపీ, ట్రోపోనిన్ అన్నీ కలిపి హార్ట్ స్కోర్ అని వేస్తాం. 3 గానీ అంతకు తక్కువ గానీ వస్తే ఇంటికి పంపొచ్చు. అలా పద్ధతిగా చూసి పంపినా, ఆరు వారాల్లో వందలో ఒకరిద్దరికి ఏదో ఒకటి జరుగుతుంది. ఆ ఒక్కరెవరో నాకు తెలీదు. సీటీ క్లీన్‌గా వస్తే చాలా ధైర్యంగా పంపొచ్చు, ఒప్పుకుంటా. కానీ రాత్రి రెండింటికి ఆ సీటీ చూసి చెప్పేదెవరు? రెండు నైట్లు చేసిన నాలాంటోడే. పోయిన ఏడాది ఇట్లాంటి కేసులోనే మా క్యాజువాల్టీ అద్దాలు పగలగొట్టారు. నా చేతికి కుట్లు పడ్డాయి.

పెన్నా గట్టు:
మీ చేతికి కుట్లు పడటం తప్పే. కానీ మీరిప్పుడు చెప్పిన మాటే నాకు కావాల్సింది. వందలో ఒకరిద్దరికి జరుగుతుందని మాకెవరు చెప్పినారు? గ్యాస్ అన్నారు. ఇంటికొచ్చినాక ఒంటిగంటకు మళ్లీ నొప్పొచ్చింది. పోదాం పా అని మా అక్క లేపితే, డాక్టరు గ్యాస్ అన్నాడు కదా అని సోడా తాగి పడుకున్నాడు. గ్యాస్ అని అనకుండా, ఇప్పటికి గుండె అని తేలలేదు, మళ్లీ వస్తే పరిగెత్తండి అని ఉంటే ఆ సోడా తాగేవాడా?

హంద్రీ ఒడ్డు:
ఇది మొదటే రాసుంటే నేను స్టెంటు పురాణం విప్పేవాడిని కాదు అన్నా.

తెల్లకోటు సిస్టర్ (కడప):
మా దగ్గర బెడ్ లేకపోతే కుర్చీలోనే కూర్చోబెట్టి, మళ్లీ ఈసీజీ తీయాల్సిన టైమ్ చీటీ మీద పెద్దగా రాసి చేతికిస్తాం. పంపేటప్పుడు వెనకాల రాస్తాం: చెమట పట్టినా, దవడకో చేతికో నొప్పి పాకినా, ఆయాసం వచ్చినా 108కి ఫోన్ చేయండి అని. దీనికి మిషను అక్కర్లేదు. రాయాలంటే ఓపిక కావాలి, అది అందరికీ ఉండదు.

రాత్రి డ్యూటీ:
సిస్టర్ చెప్పింది మంచి పద్ధతే. కానీ "గుండె కాదని తేలలేదు" అని నేను రాసిచ్చి పంపితే, రేపు కన్స్యూమర్ కోర్టులో ఆ కాగితమే నామీద సాక్ష్యం. తేలకపోతే ఎందుకు పంపావు అంటారు. అలా రాసిచ్చిన ప్రతి మనిషినీ చుట్టాలు ఆ రాత్రే కారెక్కించి బెంగళూరు తీసుకుపోతారు, దారిలో ఏమైనా అయితే అదీ నా ఖాతాలోనే. అందరినీ అడ్మిట్ చేయలేను. నోటితో చెప్తా, రోజూ చెప్తూనే ఉన్నా. రాసి మాత్రం ఇవ్వను.

పెన్నా గట్టు:
నోటితో ఎవరికి చెప్తారు? సూదేసి మత్తుగా ఉన్న మనిషికి. మా అక్కను లోపలికే రానివ్వలేదు, బయట మెట్ల మీద కూర్చోనుండె. పక్కనుండి చూసుకోవాల్సింది ఆమె, ఆమె చేతికి కాగితమన్నా రావాల.

లెక్కల సారు:
డాక్టర్ గారూ, రాస్తే కేసు అంటున్నారు. రాయకపోతే కేసు పడదా?

రాత్రి డ్యూటీ:
పడుతుంది. రెండు విధాలా ఆసుపత్రితో పాటు నామీద కూడా పడుతుంది. చీటీ రాసిన డాక్టరు మీద కేసు పడకూడదని కూడా మీ రూలులో రాయించండి, అప్పుడు చీటీ ఇస్తా.

కొత్త సభ్యుడు (ప్రొద్దుటూరు):
మొత్తం చదివినా. ఇంతకీ ఆ సీటీకి ఎంతవుతుంది, ఎవరూ చెప్పలే?