'తా బ్రోన్ ఒరమ్': దుఃఖం నా మీదా, నాకా?

ప్రశ్న:
ఐరిష్‌లో 'సారీ' అనడానికి 'తా బ్రోన్ ఒరమ్' అంటారు. తా అంటే ఉంది, బ్రోన్ అంటే దుఃఖం, ఒరమ్ అంటే నా మీద. 'నా మీద దుఃఖం ఉంది' అని తెలుగు చేస్తే సరేనా? బస్సులో దారి అడగాలన్నా, చావింటికి పరామర్శకు వెళ్ళినా ఇదొక్కటే మాట సరిపోతుందా?

జవాబు:
అర్థాలు సరిగానే రాశారండీ. కానీ 'నా మీద' అని తెలుగు చేయకండి, 'నాకు' అనండి. ఐరిష్‌లో ఆకలి, దాహం, భయం, సిగ్గు, జలుబు, తలనొప్పి అన్నీ మనిషి మీద ఉంటాయి. 'తా ఒక్రస్ ఒరమ్' అంటే నాకు ఆకలిగా ఉంది. 'తా తర్త్ ఒరమ్' అంటే దాహంగా ఉంది. తెలుగులో ఆ పనంతా 'కు' విభక్తి చేస్తుంది. రెండు భాషల్లోనూ ఆకలిగొన్నవాడు కర్త కాడు, ఆకలే కర్త.

రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడండి. ఐరిష్ వరస: ఉంది, ఆకలి, మీద, నా. వెనకనుంచి చదివితే: నా, మీద, ఆకలి, ఉంది. అచ్చంగా మన వాక్యమే, అద్దంలో చూసినట్టు! ఐరిష్‌లో క్రియ ముందు, విభక్తి లాంటి మాట నామానికి ముందు. మనకు క్రియ చివర, విభక్తి నామం తరవాత. అంతమాత్రాన రెండూ చుట్టాలని ఎవరైనా అంటే నమ్మకండి. ఐరిష్ ఇండో-యూరోపియన్ కుటుంబంలో కెల్టిక్ శాఖది, తెలుగు ద్రావిడ భాష. హిందీలోనూ ఆకలి 'ముఝే' అనే వస్తుంది. అనుభవించేవాడిని కర్తగా కాక, అనుభవాన్ని అతని దగ్గరికి వచ్చేదిగా చెప్పడం లోకంలో చాలా భాషలు చేసే పనే.

మరో సభ్యురాలు:
'మీద' అని తెలుగు చేస్తే అర్థం తలకిందులయ్యే చోటు ఒకటుంది. 'తా ఫ్యరగ్ ఒరమ్'. ఫ్యరగ్ అంటే కోపం. మాటకు మాట పెడితే 'నా మీద కోపం ఉంది'. తెలుగువాళ్ళం అది వినగానే ఎవరికో నా మీద కోపం అనుకుంటాం. ఐరిష్‌లో మాత్రం కోపం వచ్చింది నాకే. మనకు కోపగించేవాడు 'కు', ఎవరిమీదో ఆ మనిషి 'మీద'. వాళ్ళకు కోపగించేవాడు 'మీద', ఎవరిమీదో ఆ మనిషి 'తో'. 'తా ఫ్యరగ్ ఒరమ్ ల్యత్' అంటే నాకు నీ మీద కోపంగా ఉంది. ల్యత్ అంటే 'నీతో'. అనువాదంలో ఎక్కువ పొరపాట్లు ఇక్కడే పడతాయి.

అప్పు విషయంలో మాత్రం మన 'మీద' సరిగ్గా అతుకుతుంది. 'తా ఫిహె యూరో అగమ్ ఒర్త్': ఇరవై యూరోలు నా దగ్గర, నీ మీద. అంటే నువ్వు నాకు 20 యూరోలు బాకీ. 'వాడి మీద అప్పుంది' అని మనమూ అంటాం కదా.

మొదట జవాబిచ్చినవారు:
మంచి చేర్పండీ. కొత్తగా నేర్చుకునేవాళ్ళు చేసే తప్పులు కూడా చెప్పాలి. ఇంగ్లీషు వాక్యం మనసులో పెట్టుకుని 'తా మే బ్రోన్' అంటారు. మే అంటే నేను, కాబట్టి అది 'నేనే దుఃఖాన్ని' అన్నట్టవుతుంది. 'తా మే బ్రోనఖ్' అన్నది తప్పు కాదు, కానీ అది 'దిగులుగా ఉన్నాను' అని చెప్పడమే, క్షమాపణ కాదు. ఇంకొకటి, 'అర్' అంటే మీద, కానీ 'అర్ మే' అని విడదీయకూడదు. 'మీద'కు సర్వనామం తగిలితే రెండూ కలిసి ఒకే మాట అయిపోతాయి: ఒరమ్ నాకు, ఒర్త్ నీకు, ఎర్ అతనికి, ఒరిన్ మాకు లేదా మనకు. మేము, మనము తేడా అక్కడ లేదు. గౌరవ బహువచనం కూడా నేటి వాడుకలో సాధారణంగా ఉండదు, పెద్దవారితోనూ 'ఒర్త్' అనే అంటారు. అమర్యాద అనుకోకండి.

పలకడంలో 'తా'ను 'టా' అనకండి, మన దంత్యం 'త' దానికి బాగా దగ్గర. రాతలో 'ఒర్మ్' అని ఉన్నా మధ్యలో అచ్చు చేరి 'ఒరమ్' అవుతుంది, ధర్మం జనం నోట 'ధరమం' అయినట్టు. ఐర్లండ్‌లో ఫిల్మ్‌ను ఇంగ్లీషులోనూ 'ఫిలమ్' అనడం మీరు వినే ఉంటారు.

ప్రశ్న వేసినవారు:
ధన్యవాదాలండీ. మరి బస్సూ, చావిల్లూ?

మరో సభ్యురాలు:
బస్సులో 'గవ్ మ లెష్‌కేల్' అనండి. లెష్‌కేల్ అంటే సాకు, మన్నింపు. విడదీస్తే సగం కథ! 'నా సగం కథ స్వీకరించు' అన్నమాట. దారి అడగడానికీ, పక్కకు జరగమనడానికీ ఇదే. కాలు తొక్కితే 'తా బ్రోన్ ఒరమ్'.

చావింట్లో వేరు. అక్కడ నానుడిగా నిలిచిన మాట 'నీ మహ్ లమ్ ద హ్రిబ్లోద్'. కాదు, మంచి, నాతో, నీ కష్టం అని వరస. 'నీకొచ్చిన కష్టం నాకు బాగాలేదు' అని దగ్గరి తెలుగు. ఐర్లండ్‌లో ఇంగ్లీషు మాట్లాడేవాళ్ళు కూడా చావింటికి వెళ్ళి, వరసలో నిలబడి, ఇంటివాళ్ళలో ప్రతి ఒక్కరి చేయీ పట్టుకుని 'సారీ ఫర్ యువర్ ట్రబుల్' అంటారు. ఆ ఒక్క మాట చాలు, పొడిగించనక్కర్లేదు. తరవాత టీ ఇస్తారు, తాగి కాసేపు కూర్చోవడమే మర్యాద.

మరొకరు:
'అగమ్' మాట వచ్చింది కాబట్టి ఇదీ చేరుస్తున్నాను. ఐర్లండ్ 2022 జనగణనలో 18 లక్షల 73 వేలమందికి పైగా ఐరిష్ వచ్చన్నారు, కానీ చదువుల బయట రోజూ మాట్లాడేవారు 71,968 మందే. బడిలో చదివి మరచిపోయినవారికి కూడా ఒక వాక్యం మాత్రం నోటికి ఉంటుంది: 'అ విల్ క్యద్ అగమ్ దుల్ గ దీ అన్ లెహ్రస్?' బాత్రూముకు వెళ్ళడానికి నాకు అనుమతి ఉందా, అని. దీనికి అవును, కాదు అని జవాబుండదు. ఐరిష్‌లో ఆ మాటలే లేవు. క్రియనే తిరిగి చెప్పాలి: 'తా', ఉంది. లేకపోతే 'నీల్', లేదు. 'డబ్బులున్నాయా?' అంటే 'ఉన్నాయి' అనే మనకు ఇది నేర్పనక్కర్లేదు.