తొమ్మిదో తరగతి అబ్బాయికి హోంవర్కే ఉండటం లేదు, ట్యూషన్‌లో వేయాలా?

మిషన్ కుట్టే అమ్మ, నల్గొండ జిల్లా

అందరికీ నమస్తే. మా బాబు ఎనిమిది వరకు ప్రైవేటులో చదివాడు. ఫీజులు మోయలేక ఈ జూన్‌లో మా ఊరి జడ్పీ హైస్కూల్లో తొమ్మిదిలో చేర్పించాం. బడి మీద నాకు కంప్లైంట్ ఏమీ లేదు. సార్లు వస్తున్నారు, పుస్తకాలు, యూనిఫాం ఇచ్చారు, మధ్యాహ్నం అక్కడే తింటున్నాడు. గుడ్డు పెట్టే రోజైతే టిఫిన్ బాక్సు ఊసే ఎత్తడు. నా టెన్షన్ అంతా సాయంత్రాల గురించే.

ప్రైవేటు బడిలో ఉన్నప్పుడు ఆరు కాగానే క్లాసు గ్రూపులో మెసేజ్ పడేది. సైన్సు ప్రశ్న-జవాబులు రెండేసి సార్లు రాయాలి, సోషల్‌లో మ్యాపు, హిందీ కాపీ రైటింగ్, లెక్కల్లో ఒక ఎక్సర్‌సైజు మొత్తం. నేను జాకెట్లు కుట్టుకుంటూ వాణ్ని పక్కన కూర్చోబెట్టుకుంటే పది దాటేది. వాడు పుస్తకం మీదే తూగుతుంటే మా పెద్దమ్మాయి మిగతాది రాసి పెట్టేది, ఇద్దరి చేతిరాతా ఒకేలా ఉంటుంది లెండి.

ఇప్పుడేమో బడి నుంచి వస్తాడు, సంచి మంచం మీద విసిరేస్తాడు, బ్యాట్ పట్టుకుని పోతాడు. "హోంవర్క్ లేదారా?" అంటే "రెండు లెక్కలే అమ్మా, లంచ్‌లో చేసేశా" అంటాడు. ఎఫ్‌ఏ, అదే ఫార్మేటివ్ అసెస్‌మెంట్, వచ్చిందంటే మాత్రం అన్నీ ఒక్కసారే మీద పడతాయి. ప్రాజెక్టు, పుస్తకం చదివి సమీక్ష, పూర్తికాని నోట్సులు. మొన్న ఎఫ్‌ఏ-2కి రాత్రి షాపులు మూసే టైంలో చార్టు కోసం మా ఆయన ఆటో వేసుకుని మిర్యాలగూడ పోయి వచ్చాడు.

మా తోడికోడలు "వాడు చేయి దాటిపోతాడు, ట్యూషన్‌లో వెయ్యి" అని రోజూ పోరు. నేను పది వరకు తెలుగు మీడియంలో చదివాను, వీడిది ఇంగ్లీషు మీడియం. వాడు చేసింది తప్పో ఒప్పో నాకెలా తెలుస్తుంది? అసలు తొమ్మిదో తరగతికి రోజుకు ఎంత హోంవర్క్ ఉండాలి? తెలిసినవాళ్లు చెప్పండి.

ఫైళ్ల మనిషి

రూలు కావాలంటే ఉంది. కేంద్రం తెచ్చిన స్కూల్ బ్యాగ్ పాలసీ 2020లో రెండో తరగతి వరకు హోంవర్కే వద్దన్నారు. 3 నుంచి 5 వరకు వారానికి 2 గంటలు, 6 నుంచి 8 వరకు రోజుకు గంట, 9 నుంచి పైకి రోజుకు 2 గంటలు. ఇవన్నీ దాటకూడని హద్దులు, తప్పనిసరిగా నింపాల్సిన కోటా అనుకోకండి. ఏడు, ఎనిమిది తరగతుల్లో రాత్రి పది దాకా రాయించారంటే ఆ బడివాళ్లు హద్దు ఎప్పుడో దాటేశారు.

ఇంకో లెక్క. చాలా దేశాల పిల్లలకు కలిపి పెట్టే పిసా పరీక్షను 2012లో రాసిన 15 ఏళ్ల పిల్లలను హోంవర్క్‌కు వారానికి ఎంతసేపు పడుతుందని అడిగారు. షాంఘైలో దాదాపు 14 గంటలు, ఫిన్లాండ్‌లో 3 గంటల లోపు. రెండూ మంచి మార్కులు తెచ్చుకున్నవే. కాబట్టి గంటలు చూసి కంగారుపడొద్దు.

ప్రైవేటు సైన్స్ టీచర్

అక్కా, నేను ప్రైవేటు హైస్కూల్లో పని చేస్తాను, లోపలి సంగతి చెబుతా. ఆ గ్రూపు మెసేజ్ సగం తల్లిదండ్రుల కోసమే. ఒక్కరోజు పెట్టకపోతే ఏడింటికల్లా ఫోన్లు మొదలు, "మేడమ్, ఇవాళ ఏం చెప్పలేదా?" అని. ఫీజు కట్టినవాళ్లకు చదువు కంటికి కనబడాలి, నోట్సు నిండితే కనబడుతుంది. మా మేనేజ్‌మెంట్ కూడా నోట్సుల దొంతర ముందేసుకుని ఎన్ని పేజీలు రాయించామో చూస్తుంది, ఏం రాశారో చదివేవాళ్లు లేరు. రెండేసి సార్లు రాయమని చెప్పేటప్పుడు నాకే మనసొప్పదు. అయినా ఇస్తాను, ఉద్యోగం చేసుకోవాలి కదా.

అలాగని అసలేమీ లేకపోతే కూడా కష్టమే. రోజూ ఒక గంట కూర్చునే అలవాటు తొమ్మిదిలో పోయిందంటే పదిలో తెచ్చుకోవడం చాలా కష్టం.

జడ్పీ లెక్కల సారు

అమ్మా, "రెండు లెక్కలే" అని మీరు రాయగానే నా క్లాసు గురించే చెబుతున్నారా అనిపించింది. నేను ఇచ్చేదీ రెండే, మహా అయితే మూడు. ఎందుకో చెబుతాను, కాస్త పెద్దగానే ఉంటుంది.

నాకు 8, 9, 10 తరగతులు ఉన్నాయి, అన్నీ కలిపి 110 మంది. ఒక్కో నోట్సు సరిగ్గా చూడాలంటే తక్కువలో తక్కువ రెండు నిమిషాలు. అంటే 220 నిమిషాలు, 3 గంటల 40 నిమిషాలు. నాకు దొరికే లీజర్ పీరియడ్ ఒకటో రెండో. అందులోనే అన్నం వడ్డించేచోట నిలబడాలి, ఆన్‌లైన్ హాజరు వేయాలి, ఎవరైనా సారు సెలవు పెడితే ఆ క్లాసులో కూర్చోవాలి. ఎక్సర్‌సైజు మొత్తం ఇంటికిస్తే నేను చేయగలిగేది ఒక్కటే: టిక్కు, సంతకం, తేదీ. ఇన్‌స్పెక్షన్‌కు వచ్చినవాళ్లకు ఎర్ర ఇంకు కనబడితే సంతోషమే. పిల్లవాడికి ఒరిగేదేమీ లేదు.

ఎక్కువ ఇస్తే ఏమవుతుందో కూడా చెబుతా. గైడు దిగుతుంది. ఒకసారి కారణాంకాలకు ఎక్సర్‌సైజు మొత్తం ఇచ్చాను. మర్నాడు నోట్సులు తెరిస్తే x² + 5x + 6 కి సగం క్లాసు (x + 2)(x + 8) అని రాసుకొచ్చారు. అందరికీ 8 ఎక్కడి నుంచి వచ్చింది? గైడులో 3 అచ్చు చెడి 8 లాగా పడింది. రెండూ గుణించి చూసుకున్నవాడు ఒక్కడూ లేడు. పైగా నోట్సులు ఎంత నీటుగా ఉన్నాయంటే, మార్జిన్లు, స్కెచ్ పెన్నుతో హెడ్డింగులు, జవాబు చుట్టూ డబ్బా. గైడు తీసుకెళ్లి బీరువాలో పెట్టినా లాభం లేదు, ఇప్పుడు ఫోన్లో ఫొటో కొడితే జవాబు వచ్చేస్తుంది.

కాబట్టి నేను చేసేది ఇది. క్లాసులో x² + 5x + 6 చేయిస్తాను. ఇంటికి x² − 5x + 6, x² + 5x − 6 ఇస్తాను. చూడటానికి అన్నీ ఒకటే. క్లాసులో చేసినదానికీ, ఇంటికిచ్చిన మొదటిదానికీ 2, 3 పనికొస్తాయి. ఇంటికిచ్చిన రెండోదానికి 6, 1 కావాలి. "చివరి గుర్తు ఒక్కటి మారితే అంకెలెందుకు మారాయి?" అన్న ప్రశ్నకు జవాబు ఒక వాక్యంలో రాసుకురమ్మంటాను, తెలుగులో రాసినా ఒప్పుకుంటాను. పొద్దున పీరియడ్ మొదటి పది నిమిషాలు ఒకరు బోర్డు మీద చేస్తారు, మిగతావాళ్లు పెన్సిల్‌తో తమ తప్పు తామే దిద్దుకుంటారు. నేను బెంచీల మధ్య తిరుగుతాను. రెండే లెక్కలు కాబట్టి ఎవరు ఎక్కడ ఆగారో అక్కడికక్కడే తెలిసిపోతుంది. మీ బాబు లంచ్‌లో చేశాడంటే నాకు అభ్యంతరం లేదు, పక్కవాడి నోట్సు చూసి దించకపోతే చాలు.

ఇంకో సంగతి. మా దగ్గర పత్తి ఏరే రోజుల్లో సోమవారం పొద్దున సగం బెంచీలు ఖాళీ. వచ్చినవాళ్లలోనూ ఇంటికెళ్లాక పుస్తకం తీసే వీలున్నవాళ్లు తక్కువ. ఒకమ్మాయి ప్రేయర్‌కు ముప్పావు గంట ముందే వచ్చి వరండాలో కూర్చుని రాసుకుంటుంది. ఇంట్లో తమ్ముళ్లకు వండి పెట్టేది ఆమే. వాళ్లకు రెండు గంటల పని ఇచ్చి, చేయలేదని నిలబెడితే మర్నాటి నుంచి బడికే రారు.

అందుకని సాంఖ్యక శాస్త్రం పాఠం వచ్చినప్పుడు హోంవర్క్ ఇలా ఇచ్చాను: మీ ఇంట్లో ఒకరు ఐదు రోజులు ఏరిన పత్తి కిలోల్లో రాసుకురండి. ఒకడు వాళ్లమ్మవి తెచ్చాడు: 48, 52, 50, 9, 51. ఆ తొమ్మిది కిలోల రోజు వాన పడిందట. సగటు తీస్తే 42, మధ్యగతం, అంటే వరసగా పేర్చితే నడిమికి వచ్చేది, 50. "అమ్మ రోజుకు 42 కిలోలు ఏరుతుందంటే అమ్మే ఒప్పుకోదు సార్" అన్నాడు వాడు. ఏ కొలత ఎప్పుడు వాడాలో మిగతా పీరియడ్ అంతా పిల్లలే వాదించుకున్నారు. ఆ పాఠం గురించి నేను వేరే నోట్సు చెప్పాల్సిన పని పడలేదు.

ఇక ఎఫ్‌ఏ సంగతి. 20 మార్కులు, నాలుగు భాగాలు, ఒక్కోదానికి 5. చదివి స్పందించి రాయడం ఒకటి, రాత అంశాలు అంటే నోట్సులు రెండోది, ప్రాజెక్టు మూడోది, స్లిప్ టెస్టు అంటే క్లాసులో రాసే చిన్న పరీక్ష నాలుగోది. ఇందులో మూడు ముందు నుంచీ చేసుకోవాల్సినవే. మేం చెబుతూనే ఉంటాం, వాళ్లు గడువు ముందురోజు మేల్కొంటారు. మీ ఆయనకు ఒక మాట చెప్పండి, చార్టు కోసం మళ్లీ మిర్యాలగూడ పోవద్దని. నాలుగు తెల్లకాగితాలు చాలు. నెట్ సెంటర్లో కలర్ ప్రింట్లు తీసి అతికించినదానికి 5 వేసే సార్లు ఉన్నారు, కాదనను. నేనైతే సొంతంగా కొలిచి, రాసి తెచ్చినదానికే వేస్తాను.

మిషన్ కుట్టే అమ్మ, నల్గొండ జిల్లా

సార్, చాలా వివరంగా చెప్పారు. మాకు కూడా పత్తి చేను ఎకరం ఉంది, మీరు చెప్పింది కళ్ల ముందు కనబడింది. కానీ నా ప్రశ్న అలాగే ఉండిపోయింది. వాడు "చేసేశా" అంటే చేశాడో దించాడో నేనెలా పట్టుకోవాలి? ఇంగ్లీషులో ఉంటే నాకు అర్థం కాదు కదా.

జడ్పీ లెక్కల సారు

మీకు తెలుగు వచ్చు, అది చాలు. ప్రభుత్వం ఇచ్చిన పాఠ్యపుస్తకం ఒకసారి తీసి చూడండి. ఒక పేజీ ఇంగ్లీషు, దాని ఎదురు పేజీ తెలుగు. మీరు తెలుగు పేజీ చూసి ప్రశ్న అడగండి, వాడు ఇంగ్లీషు పేజీ మూసేసి తెలుగులోనే చెప్పాలి. చెప్పగలిగాడంటే అర్థమైనట్టే, ఇంగ్లీషులో రాయడం తర్వాత వస్తుంది.

లెక్కలకు ఇంకా సులువు. లంచ్‌లో చేసిన లెక్కనే పాత క్యాలెండర్ వెనకాల మళ్లీ చేయమనండి, నోట్సు మీ దగ్గర పెట్టుకోండి. జవాబు కలిసిందా లేదా మీరే చూస్తారు. కలవకపోతే తిట్టకండి, ఎక్కడ ఆగాడో అక్కడ గీత పెట్టి పొద్దున సారుకు చూపించమనండి. ఇదంతా అరగంట పని. ఆ తర్వాత బ్యాట్ పట్టుకెళ్లనివ్వండి, ఆ వయసులో ఆడకపోతే ఎప్పుడు ఆడతాడు?

ట్యూషన్ గురించి: మీ ఊళ్లో ట్యూషన్ అంటే ముప్పై మందిని ఒక గదిలో కూర్చోబెట్టి ఆ గైడే రాయించేదైతే ఆ డబ్బు దండగ. తప్పులు కూర్చుని చూసేవాళ్లు దొరికితే అప్పుడు ఆలోచించండి.

డిగ్రీ సెకండియర్

ఆంటీ, నేనూ జడ్పీ హైస్కూల్లోనే చదివాను. ఒకటి అడగాలనిపించింది, ఏమనుకోకండి. తమ్ముడి హోంవర్క్ పెద్దమ్మాయి రాసి పెట్టేది అన్నారు కదా, ఆ టైంలో ఆమె హోంవర్క్ ఎవరు చూసేవాళ్లు? మా ఇంట్లో అన్నయ్య బ్యాట్ పట్టుకుని పోయేవాడు, నేను బోళ్లు తోమి, నీళ్లు పట్టి, కూర్చునేసరికి తొమ్మిది. నాకు హోంవర్క్ ఎక్కువని ఎప్పుడూ అనిపించలేదు, కూర్చునే చోటు దొరకడమే కష్టంగా ఉండేది. పదిలో పొద్దున, సాయంత్రం స్పెషల్ క్లాసులు పెట్టాక బతికిపోయా. బడిలో ఉంటే పని చెప్పేవాళ్లు ఉండరు కదా.

మిషన్ కుట్టే అమ్మ, నల్గొండ జిల్లా

అనుకోవడానికి ఏముందమ్మా, సరిగ్గానే అడిగావు. మా పెద్దది ఇప్పుడు ఇంటర్ బైపీసీ. నీ మెసేజ్ చదివి వినిపిస్తే "ఆ అక్క ఎవరో గానీ నా ఫ్రెండ్" అని నవ్వింది. ఇక మీదట గిన్నెలు వాడు కడగాలట, అప్పుడే కండిషన్ పెట్టింది.

సార్, నిన్న మీరు చెప్పినట్టు క్యాలెండర్ వెనకాల చేయించాను. మొదటిది చేశాడు. రెండోది సగంలో ఆగి "ఇది శ్రీకాంత్‌గాడు చెప్పాడు" అని నీళ్లు నమిలాడు. ట్యూషన్ సంగతి ఎఫ్‌ఏ-3 అయ్యేదాకా పక్కన పెట్టాం. ఈ మూడో శనివారం బడిలో పేరెంట్ మీటింగ్ ఉంది. అక్కడ సార్లను ఏం అడగమంటారు?

జడ్పీ లెక్కల సారు

నోట్సులు చూపిస్తారు, చూసి పక్కన పెట్టండి. పాత స్లిప్ టెస్టు పేపర్లు ఇమ్మని అడగండి. అవి క్లాసులో సారు ఎదురుగా రాసినవి, వాడికి నిజంగా ఏది రాదో వాటిలోనే ఉంటుంది. ఒకే రకం తప్పు రెండు పేపర్లలో కనిపిస్తే ఆ పాఠం పేరు రాసుకుని, దానికి ఎక్స్‌ట్రా లెక్కలు ఇమ్మనండి. అడిగిన తల్లికి ఏ సారూ కాదనడు. లైబ్రరీ పుస్తకాలు ఏ రోజు ఇస్తారో కూడా కనుక్కోండి, సమీక్షకు పుస్తకం ఇప్పుడే తెచ్చుకుంటే డిసెంబర్లో పరుగులుండవు. పెద్దమ్మాయి పెట్టిన కండిషన్‌కు నా ఓటు కూడా వేసుకోండి.