డోనర్ క్రియాటినిన్ 2.9 ఉంటే కిడ్నీ వద్దనాలా? ఎన్‌గాల్ టెస్ట్ చేస్తే ముందే తెలుస్తుందా?

గుంటూరు_మిర్చి: మా బావగారు కిడ్నీ కోసం జీవన్‌దాన్ (బ్రెయిన్ డెడ్ అయినవాళ్ళ అవయవాలు ఇప్పించే ప్రభుత్వ పథకం) లిస్టులో ఉన్నారు, మూడేళ్ళుగా డయాలసిస్. మొన్న అర్ధరాత్రి ఫోన్ వచ్చింది, బ్రెయిన్ డెడ్ అయిన కుర్రాడి కిడ్నీ, వయసు 28, బైక్ యాక్సిడెంట్, కాకపోతే క్రియాటినిన్ (కిడ్నీ సరిగ్గా పనిచెయ్యకపోతే రక్తంలో పెరిగే వ్యర్థం) 2.9, తీసుకుంటారో లేదో అరగంటలో చెప్పండన్నారు. అక్క భయపడి వద్దనేసింది. డోనర్ యూరిన్‌లో ఎన్‌గాల్, కిమ్-1 లాంటివి (కిడ్నీ దెబ్బతింటే యూరిన్‌లో పెరిగే ప్రోటీన్లు) చూస్తే కిడ్నీ ఎలా పనిచేస్తుందో ముందే తెలుస్తుందని ఎక్కడో చదివా, మరి మనవాళ్ళు ఎందుకు చెయ్యరు?

ల్యాబ్‌కోటు: కిడ్నీకి దెబ్బ తగిలిన కొన్ని గంటల్లోనే ఎన్‌గాల్ పెరుగుతుందండి, క్రియాటినిన్‌కి ఒకట్రెండు రోజులు పడుతుంది, అందుకే అందరూ ఆశపడ్డారు. అమెరికాలో 1300 మందికి పైగా డోనర్ల యూరిన్ తీసి ఎన్‌గాల్, కిమ్-1, ఇంకా అలాంటివే ఐఎల్-18, ఎల్-ఫ్యాబ్ అన్నీ కొలిచారు, 2016లో పేపర్ వచ్చింది. డోనర్ కిడ్నీకి దెబ్బ తగిలిందని బాగానే పట్టుకున్నాయి గానీ తీసుకున్నవాళ్ళలో ఆ కిడ్నీ ఎలా పనిచేస్తుందో చెప్పడంలో తేలిపోయాయి. ఎందుకంటే ఇప్పుడు దెబ్బ తగలడం వేరు, అది తర్వాత మానడం వేరు. తమాషా ఏంటంటే యూరిన్‌లో ఎంసీపీ-1 అనే ఇంకో ప్రోటీన్ ఎక్కువున్న డోనర్ల కిడ్నీలు కొందరిలో ఆర్నెల్లకి మెరుగ్గానే పనిచేశాయి, రిపేర్ మొదలైన గుర్తేమో అని ఒక ఊహ. పైగా యూరిన్ ఇన్ఫెక్షన్ ఉన్నా ఎన్‌గాల్ పెరుగుతుంది, ఐసీయూలో రోజుల తరబడి క్యాథెటర్‌తో ఉన్న మనిషిలో ఏది దేని వల్లో ఎలా చెప్తాం.

రెండో_ఇన్నింగ్స్: నా డోనర్‌ది 3 దాటింది తమ్ముడూ. ఆపరేషన్ అయ్యాక తొమ్మిది రోజులు చుక్క యూరిన్ లేదు, మళ్ళీ డయాలసిస్ ఎక్కించారు, మా ఆవిడ ఏడవని రోజు లేదు. పదో రోజు మొదలైంది. ఇప్పుడు ఆరేళ్ళు, నాది 1.3. అందరికీ ఇలాగే అవుతుందని చెప్పను, కానీ కుర్రాడి కిడ్నీ కదా, నేనైతే వదిలేవాణ్ణి కాదు.

ఓల్డ్‌సిటీ_నర్స్: 2.9 అనే ఒక్క అంకె పట్టుకుని కూర్చోకండి. అడ్మిట్ అయిన రోజు ఎంతుందో అడగాలి, ఆరోజు 0.9 ఉండి యాక్సిడెంట్‌లో బీపీ పడిపోయి (షాక్) పెరిగితే ఒక కథ, ముందునుంచే బీపీ, షుగర్ ఉండి పెరిగితే పూర్తిగా వేరే కథ. యూరిన్ ఎంత వస్తోంది, ప్రోటీన్ పోతోందా, కిడ్నీ ఐస్‌లో ఎన్ని గంటలుంటుంది, ఇవీ అడగండి. అనుమానంగా ఉంటే బయాప్సీ (కిడ్నీ చిన్న ముక్క తీసి పరీక్షించడం) చేస్తారా అని కూడా. అరగంటలో ఇవన్నీ గుర్తురావు, కాగితం మీద రాసి ఫ్రిజ్‌కి అంటించుకోండి, నిజంగా చెప్తున్నా.

గుంటూరు_మిర్చి: అడ్మిట్ రోజు ఎంతో మేం అడగనే లేదు 😔 రెండో_ఇన్నింగ్స్ అన్నా, అక్క ఒకసారి మీ ఆవిడతో మాట్లాడొచ్చా? మెసేజ్ పెడతా.