ఉబుంటులో ఆన్-డిమాండ్ మోడ్: వాడనప్పుడు ఎన్విడియా కార్డు నిద్రపోవాలంటే?

నిశాచరి:
10వ తరం ఇంటెల్ ప్రాసెసర్, జీటీఎక్స్ 1650 ఉన్న లాప్‌టాప్. ఉబుంటు 24.04, ఎన్విడియా డ్రైవర్ 550. ప్రైమ్-సెలెక్ట్ (ఏ గ్రాఫిక్స్ కార్డు వాడాలో ఎంచుకునే టూల్) ఆన్-డిమాండ్‌లో, అంటే అవసరమైనప్పుడే ఎన్విడియా కార్డు వాడే మోడ్‌లో ఉంది. ఏ ప్రోగ్రామూ తెరవకపోయినా బ్యాటరీ నుంచి 15 వాట్ల దాకా లాగుతోంది. ఇంటెల్ మోడ్‌కి మారిస్తే 7 వాట్లే. కానీ బ్లెండర్ (3డీ బొమ్మలు చేసే సాఫ్ట్‌వేర్) తెరవాల్సిన ప్రతిసారీ మోడ్ మార్చి రీస్టార్ట్ చేయడం కుదరదు. ఆన్-డిమాండ్‌లోనే కార్డును పడుకోబెట్టే దారి ఉందా? టీఎల్‌పీ (బ్యాటరీ ఆదా చేసే టూల్) కూడా వేయాలా?

విద్యుత్తీగ:
ముందు కార్డు మేలుకుని ఉందో లేదో తేల్చుకోండి. దానికి ఎన్విడియా-ఎస్ఎంఐ (కార్డు వివరాలు చూపించే కమాండ్) వాడొద్దు. పడుకున్నవాడిని తట్టి లేపి "నిద్రపోయావా?" అని అడిగినట్టే, ఆ కమాండే కార్డును లేపేస్తుంది. ఎల్ఎస్‌పీసీఐ (పరికరాల జాబితా చూపించే కమాండ్) కూడా అంతే. ఈ ఫైల్‌ను క్యాట్ కమాండ్‌తో చదవండి (స్పెల్లింగ్ ఇంగ్లీషులో టైప్ చేసుకోవాలి, అడ్రసు మీ మెషీన్‌లో వేరే ఉండొచ్చు):

/సిస్/బస్/పీసీఐ/డివైసెస్/0000:01:00.0/పవర్/రన్‌టైమ్_స్టేటస్

"సస్పెండెడ్" అని వస్తే నిద్రలో ఉన్నట్టు, "యాక్టివ్" అంటే మెలకువే.

మీది ట్యూరింగ్ తరం కార్డు. దాని తర్వాతి తరం ఆంపియర్ నుంచి లాప్‌టాప్‌లలో డ్రైవర్ తనంతట తానే ఈ పని చూసుకుంటుంది, ట్యూరింగ్‌కి మనం చెప్పాలి. /ఈటీసీ/మోడ్‌ప్రోబ్.డీ లో .కాన్ఫ్‌తో ముగిసే ఒక ఫైల్ పెట్టి ఈ ఒక్క లైను రాయండి:

ఆప్షన్స్ ఎన్విడియా ఎన్‌వీరెగ్_డైనమిక్‌పవర్‌మేనేజ్‌మెంట్=2

1 పెడితే ఏ ప్రోగ్రామూ కార్డును తెరవనప్పుడే నిద్ర. 2 పెడితే ప్రోగ్రాము తెరిచి ఉన్నా, పని లేకపోతే నిద్ర. మీకు కావలసింది 2. తర్వాత ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్‌ను (బూట్ మొదట్లో లోడయ్యే ఫైళ్ల మూట) మళ్లీ తయారు చేసి రీస్టార్ట్ చేయండి. అది మానేస్తే, డ్రైవర్ మాడ్యూల్ అక్కడి నుంచే లోడయ్యే మెషీన్లలో మీరు రాసిన లైను ఎవరూ చదవరు. చాలామంది "పెట్టాను, పనిచేయలేదు" అనేది ఇక్కడే.

రీస్టార్ట్ అయ్యాక /ప్రోక్/డ్రైవర్/ఎన్విడియా/జీపీయూస్ కింద మీ కార్డు ఫోల్డర్‌లో పవర్ అనే ఫైల్ చూడండి. రన్‌టైమ్ డీ3 (కార్డు నిద్ర స్థితి) ఎదురుగా "ఎనేబుల్డ్", పక్కన "ఫైన్-గ్రెయిన్డ్" ఉండాలి. "నాట్ సపోర్టెడ్" అని ఉంటే బయాస్ వైపు నుంచి మద్దతు లేనట్టు. అప్పుడు మీకు ఇంటెల్ మోడే గతి.

పాతకెర్నల్:
పైదానికి ఒక చేర్పు. ఆ కార్డు మీద హెచ్‌డీఎంఐ ఆడియోకి విడిగా ఇంకో పరికరం ఉంటుంది (01:00.1). కొన్ని ట్యూరింగ్ కార్డుల్లో యూఎస్‌బీ కంట్రోలర్ కూడా ఉంటుంది. వీటిలో ఒక్కటి మేలుకుని ఉన్నా మొత్తం కార్డుకి కరెంటు ఆగదు. ఒక్కోదాని పవర్/కంట్రోల్ ఫైల్‌లో "ఆటో" ఉండాలి. "ఆన్" అని ఉంటే యూడెవ్ రూల్‌తో (పరికరాల సెట్టింగులు ప్రతి బూట్‌కీ తనే పెట్టే నియమం) మార్చాలి. చేత్తో రాస్తే రీస్టార్ట్‌తో పోతుంది.

హెచ్‌డీఎంఐ పోర్టు ఎన్విడియా వైపు కలిపి ఉన్న లాప్‌టాప్ అయితే, బయటి మానిటర్ తగిలించి ఉన్నంతసేపూ కార్డు పడుకోదు. అది సహజం, వెతుక్కోకండి.

నిశాచరి:
థాంక్స్ అండీ. ఫైన్-గ్రెయిన్డ్ అని వచ్చింది, అన్నిటికీ "ఆటో"నే ఉంది. అయినా స్టేటస్ మాత్రం "యాక్టివ్" నుంచి కదలట్లేదు.

విద్యుత్తీగ:
పై ప్యానెల్‌లో జీపీయూ టెంపరేచర్ చూపించే ఎక్స్‌టెన్షన్ ఏమైనా ఉందా? అలాంటివి రెండేసి సెకన్లకోసారి ఎన్విడియా-ఎస్ఎంఐని పిలుస్తుంటాయి, ఇక కార్డుకి నిద్రెక్కడిది. తీసేసి ఓ నిమిషం ఆగి చూడండి. కాంకీ, బీటాప్ లాంటి సిస్టమ్ వివరాలు చూపించేవి ఉన్నా వాటిలో జీపీయూ భాగం ఆపేయండి. అప్పటికీ కదలకపోతే, సుడోతో ఫ్యూజర్ -వీ /డెవ్/ఎన్విడియా* కొడితే కార్డును పట్టుకున్న ప్రోగ్రాముల పేర్లు వస్తాయి. జాబితాలో ఎక్స్‌ఆర్గ్ (తెర మీద బొమ్మ చూపించే ప్రోగ్రాము) కనిపిస్తే కంగారు వద్దు, 2 పెట్టారు కాబట్టి అది అడ్డం కాదు.

నిశాచరి:
ఎక్స్‌టెన్షనే! తీసేశాక "సస్పెండెడ్" వచ్చింది. 7.5 వాట్లు.

పాతకెర్నల్:
బాగుంది. టీఎల్‌పీ సంగతి: ఉబుంటులో పవర్-ప్రొఫైల్స్-డీమన్ అనే కరెంటు ఆదా ప్రోగ్రాము ముందే ఉంటుంది. రెండూ కలిపి నడపకూడదు, ఒకే సెట్టింగును చెరోవైపు లాగుతాయి. ఏదో ఒకటి చాలు.

బ్లాగుల్లో కనిపించే ఐ915 (ఇంటెల్ గ్రాఫిక్స్ డ్రైవర్) ఆర్‌సీ6 (కరెంటు ఆదా) ఆప్షన్ గ్రబ్‌లో (బూట్ సెట్టింగులు) పెట్టకండి, కొత్త కెర్నల్స్‌లో అది లేనే లేదు. స్క్రీన్ మినుకుమినుకుమంటే మాత్రం ఐ915.ఎనేబుల్_పీఎస్‌ఆర్=0 పెట్టి చూడండి. పీఎస్‌ఆర్ అంటే బొమ్మ మారనప్పుడు ప్యానెలే దాన్ని పట్టి ఉంచడం. ఆపితే కొంచెం బ్యాటరీ పోతుంది, కాబట్టి అవసరం లేకుండా ముట్టుకోవద్దు.

వీడియోలు ఎక్కువ చూస్తారా? ఐతే అసలు ఆదా అక్కడ. వీఏఇన్ఫో కమాండ్ కొట్టి ఐహెచ్‌డీ (ఇంటెల్ చిప్‌తో వీడియో డీకోడ్ చేయించేది) డ్రైవర్ వస్తోందో చూడండి. వీడియో ఆడుతుండగా ఇంటెల్_జీపీయూ_టాప్‌లో (చిప్ వాడకం చూపించే టూల్) "వీడియో" గీత కదలాలి. సున్నా దగ్గరే ఉంటే డీకోడింగ్ అంతా ప్రాసెసరే మోస్తున్నట్టు. మీ 10వ తరం చిప్‌లో ఏవీ1 (ఒక వీడియో ఫార్మాట్) హార్డ్‌వేర్ డీకోడ్ లేదు, కాబట్టి ఆ ఫార్మాట్‌లో వచ్చే వీడియోలకి గీత కదలదు. బ్రౌజర్‌లో ఏవీ1 ఆపేస్తే చాలా సైట్లు వీపీ9 అనే ఇంకో ఫార్మాట్ ఇస్తాయి, దాన్ని మీ చిప్ మోయగలదు.