నాలుగో తరగతి పాపకి గేమ్ చాట్‌లో ముక్కూమొహం తెలియనివాళ్ల మెసేజ్‌లు, స్కూల్‌ని ఎలా కదిలించాలి?

నమస్కారమండీ. మాది ఖమ్మం. మా పాప నాలుగో తరగతి. వాళ్ల క్లాసులో చాలామంది సాయంత్రం ఒకే ఆన్‌లైన్ గేమ్ ఆడతారు. మొన్న అందులో ఎవరో "ఏ స్కూల్ నువ్వు? యూనిఫాంలో ఫొటో పెట్టు, కాయిన్స్ ఇస్తా. మమ్మీకి చెప్పకు" అని మెసేజ్ పెట్టారు. పాప ఏమీ పంపకుండా ఫోన్ తెచ్చి నాకు చూపించింది. నేను తిట్టలేదు, ఫోన్ లాక్కోలేదు. లాక్కుంటే ఇంకోసారి చెప్పదు కదా! ఐడీ కనిపించేలా స్క్రీన్‌షాట్లు తీసుకుని, ఆ తర్వాతే బ్లాక్ చేశాను.

నా టెన్షన్ మిగతా పిల్లల గురించి. స్కూల్‌లో చెబితే "ఇంట్లో ఫోన్ మీ బాధ్యత" అన్నారు. కానీ పుట్టినరోజు ఫొటోలు పేరు, సెక్షన్‌తో సహా అందరికీ కనిపించే పేజీలో పెడుతున్నది వాళ్లే. అవి చూస్తే ఏ పిల్ల ఎక్కడ చదువుతుందో ఎవరికైనా తెలిసిపోతుంది. ఇది నాకు అస్సలు నచ్చడం లేదు.

పాప ఏమీ పంపకపోయినా పిల్లల హెల్ప్‌లైన్ 1098కి గానీ, సైబర్ క్రైమ్ పోర్టల్‌లో గానీ ఫిర్యాదు చేసినవాళ్లు ఉన్నారా? తర్వాత పోలీసులు పాపతో ఎలా మాట్లాడారు? పాప పేరు బయటపడకుండా క్లాస్ వాట్సాప్ గ్రూపులో తల్లిదండ్రులను ఎలా హెచ్చరించాలి? ఫొటోలు తీసేయమని స్కూల్‌కి రాతపూర్వకంగా ఇచ్చినవాళ్లుంటే, ఏం రాశారో చెప్పండి. మీ పిల్లల స్కూల్‌లో షీ టీమ్స్ (ఆడవాళ్ల భద్రత చూసే పోలీసు బృందాలు) వాళ్లు వచ్చి మాట్లాడి ఉంటే, ఎవరిని అడిగి పిలిపించారు?